నేలకు చెవి పెట్టిన పిల్లలు

మా పాపకు నాలుగేళ్లు వస్తున్నా మాటలు రాలేదు. అవ్వ, బాపు, నీళ్లు, వద్దు. ఈ నాలుగు మాటలతోనే పొద్దంతా గడిపేది. అవ్వ అంటే మా దిక్కు అమ్మే. ఖానాపూర్‌లో మా పుట్టింటికి పోయినప్పుడల్లా మా అవ్వ వసకొమ్ము అరగదీసి దాని నాలుకకు రాసేది. ఆ ఘాటుకు ముఖం చిట్లించి ఏడ్చేదే తప్ప ఐదో మాట వచ్చేది కాదు. చెవులు వినబడవేమోనని అనుమానం వచ్చి, వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టి చూశాను. చటుక్కున తిరిగి చూసింది. చెవులకేం లోటు లేదు.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. మా ఆయన మందమర్రిలో ఒక బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా పనిచేసేవాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేశాక వాటిలో మందు కూరి, తీగలు కలిపి, అందరినీ దూరం పంపి పేల్చడం ఆయన పని. రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్లం. మా వరుస వెనకాలే ఒంటిగది బాల్వాడి. రేకుల కప్పు, నాపరాళ్ల నేల, గోడ మీద సగం వెలిసిపోయిన చిలక బొమ్మ. పొద్దున తొమ్మిదికి పిల్లలను దింపితే మూడింటికి తెచ్చుకునేవాళ్లం. మధ్యలో ఉప్మా పెట్టేవాళ్లు.

ఆ బాల్వాడిని నడిపేది ఒక్క మనిషే. నలభై ఏళ్లుంటాయి. అందరూ ఆయమ్మ అనేవాళ్లు. ఆమె పెనిమిటి అంతకు ఏడెనిమిదేళ్ల కింద బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన పోయాక ఆమెకు ఈ పని ఇచ్చారు. పిల్లలు లేరు. పొడుగ్గా, ఎండిన మనిషి. గొంతు పెంచేది కాదు. పాపను మొదటిరోజు అప్పగిస్తూ, "అక్కా, దీనికి మాటలు రాలే. ఏమన్న కావాల్నంటే చెయ్యి పట్టి గుంజుతది" అని చెప్పాను. ఆమె పాప ముందు కూర్చుని దాని ముఖంలోకి చూసి, "రాకేం? దాసిపెట్టుకున్నది" అంది.

మూడు నెలలు తిరిగేసరికి పాప మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా కాదు, ఏకంగా వాక్యాలే. "అవ్వా, ఉప్మల మిరపకాయ అచ్చింది, ఆయమ్మ తీసేసింది" అని ఒకరోజు దారిలో అనేసరికి నేను నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆయమ్మ చేసిందల్లా ఏమిటో తరువాత చూశాను. ఏ పిల్లయినా ఏదైనా చెప్పబోతే చేతిలో పని పక్కన పెట్టి, చెప్పడం అయ్యేదాకా ఆగేది. సగంలో మాట అందించేది కాదు. ఎంతసేపైనా సరే. మా ఇంట్లో ఎవరమూ అంతసేపు ఆగలేదు. పాప నీళ్ల బిందె వైపు చూస్తేనే నేను గ్లాసు ముంచి ఇచ్చేదాన్ని.

ఆ చలికాలం ఒక శుక్రవారం ఆయమ్మకు జ్వరమని బాల్వాడి తెరవలేదు. పాప ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. పాప చాప పక్కకు నెట్టి, బోర్లా పడుకుని, చెంప నేలకానించి, రెండు అరచేతులూ చాచి కదలకుండా ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏందే బిడ్డా, సల్లగ తాకుతదా?" అన్నాను.

"ఊకో అవ్వా. బాపు కొడుతుండు."

నాకు అర్థం కాలేదు. చేట పట్టుకుని అట్లాగే చూస్తున్నాను. కాసేపటికి పాప ఒక వేలు లేపింది. "గిది మూడోది" అంది. నాకు ఏమీ వినబడలేదు. అటక మీద స్టీలు గ్లాసులు మాత్రం ఒకదానికొకటి తగిలినట్టు చిన్నగా గలగలమన్నాయి. ఆ గలగల రోజూ ఉండేదే. ఎలుకలనుకునేదాన్ని, గాలి అనుకునేదాన్ని. ఐదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ ఒక్కసారైనా దాన్ని పట్టించుకోలేదు.

సాయంత్రం మా ఆయన షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి కూర్చోగానే పాప ఒళ్లోకి ఎక్కింది. "బాపూ, ఇయ్యాల ఆరుసార్లు కొట్టినవ్" అంది. ఆయన మొదట నవ్వి, తరువాత వేళ్ల మీద లెక్కపెట్టుకుని నా వైపు తిరిగాడు.

"నిజంగనే ఆరే. దీనికెట్ల ఎరుక?"

"నేలకు చెవి పెట్టి ఇన్నది."

"ఔ మల్ల. ఇప్పుడు మేం పని చేసేది గీ క్వార్టర్ల కిందనే" అన్నాడు. అన్నాక పాపను గాలిలోకి ఎత్తి, "అంటే నేను కింద, నా బిడ్డ మీద!" అని మురిసిపోయాడు. మరునాడు తోటివాళ్లకు కూడా చెప్పాడు. నా పేలుళ్లకు పైన లెక్కలు రాసే ఆఫీసరున్నది జాగ్రత్త అని వాళ్లతో పరిహాసమాడేవాడు. రోజూ సాయంత్రం అది ఒక ఆట అయింది. పాప ఎన్ని పేలాయో చెప్పేది, ఆయన అవునని తలూపేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

నాకు మాత్రం ఆ ఆట మనసుకు పట్టలేదు. ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా బాల్వాడికి పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెమ్మదిగా తోశాను.

పదిహేను మంది పిల్లలు. ఉప్మా గిన్నెలు గోడ వారగా బోర్లించి ఉన్నాయి. చాపలు చుట్టి మూలకు పెట్టి ఉన్నాయి. పిల్లలందరూ ఉత్త నేల మీద బోర్లా పడుకుని చెవులు ఆనించి ఉన్నారు. వాళ్ల నడుమ ఆయమ్మ కూడా అట్లాగే, చెంప రాతికి ఆనించి, కళ్లు తెరుచుకుని. ఎవరూ నిద్రపోవడం లేదు, ఎవరూ మాట్లాడడం లేదు. అంతమంది నాలుగేళ్ల పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎక్కడా చూడలేదు. కాసేపటికి గది అడుగున ఏదో మెత్తగా గుద్దినట్టయింది. నా అరికాళ్లకు తెలిసింది. పిల్లలు ఒక్కొక్కరే వేలు లేపారు. మా పాప కూడా లేపింది. ఆయమ్మ నన్ను చూసింది. లేవలేదు. తప్పు చేస్తూ దొరికినట్టు కంగారు పడలేదు. చూపు మళ్లీ నేల వైపు తిప్పుకుంది. నేను తలుపు దగ్గరకు వేసి వచ్చేశాను.

జూన్‌లో పాపను ఒకటో తరగతిలో వేయాలి. మంచిర్యాల దారిలో ఇంగ్లీషు మీడియం బడి ఒకటి ఉంది. వాళ్లదే నర్సరీ బజార్లో బట్టల దుకాణం మీది అంతస్తులో నడిచేది. అందులో నాలుగైదు నెలలు చదివితే బడిలో చేరడం సులువని, పిల్ల కూడా బెదరకుండా కుదురుకుంటుందని చాలామంది చెప్పారు. మా ఆయనకు మొదటి నుంచీ ఆ ఆలోచన ఉంది. నేనే ఆపుతూ వచ్చాను. ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది, కొత్త చోట మళ్లీ మూసుకుంటుందేమో, జూన్‌దాకా ఇక్కడే ఉండనీ అని. ఆయన సరే అన్నాడు.

సంక్రాంతి పోయిన వారంలో ఒక సాయంత్రం అందరం అన్నం తింటున్నాం. పాప తల వంచుకుని అంది.

"బాపూ, ఇయ్యాల ఐదే."

"ఆరు బిడ్డా" అన్నాడు ఆయన.

"కాదు. ఐదు. ఆరోది రాలే. నేను మస్తుసేపు ఆగిన."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. కలిపిన ముద్ద అట్లాగే ఉంచి లేచి చేయి కడుక్కున్నాడు. నేను పాపకు తినిపించి వెనక వాకిట్లోకి పోయాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఆరోది పేలలే" అన్నాడు. "తీగ మంచిగనే ఉన్నది. మీట తిప్పిన. సప్పుడు లేదు."

"మల్ల?"

"పేలకుంటే దగ్గరికి పోవద్దు. అర్ధగంట ఆగాలె. గది నాకు ఎరుకలేదా? ఇంతమందికి చెప్పేటోన్ని. నిలవడ్డ. నిలవడితే ఏమైందంటే..." ఆయన ఆగాడు. నేను కూడా ఆగాను. "మీద పిల్ల చూస్తుంటది గదా అనిపించింది. వేలు సగం లేపి పట్టుకొని చూస్తుంటది, ఆరోది ఇంక రాలేదేందని. గంతే. నా కాళ్లు ముందటికి పోతున్నయి. పోతున్ననని నాకే తెల్వలే. పక్కకున్నాయన రెక్క పట్టి గుంజిండు. 'ఏడికి పోతున్నవ్ర' అని మొత్తుకున్నడు."

"మాన్పియ్యి" అన్నాడు. "గా బాల్వాడి వద్దు."

వారం రోజులు అదే మాట మీద గడిచింది. నేను వెంటనే ఒప్పుకోలేదు. పాపకు మాటలు ఇచ్చిన చోటు అది. ఆయమ్మకు చెప్పి మన పిల్లనొక్కదాన్ని నేలకు చెవి పెట్టకుండా చూడమంటే సరిపోతుంది కదా అన్నాను. "పదిహేను మంది ఇనంగ ఇదొక్కతి ఇనకుంట ఉంటదా?" అన్నాడు. కొత్త చోట మూగబోతే ఎట్లా అన్నాను. దానికి ఆయన మెల్లగా, "మాట రాకున్నా మంచిదే, బాపు ఉండాలె గదా" అన్నాడు. నేను సరే అన్నాను.

అయినా ఆయమ్మతో ఒకసారి మాట్లాడి చూద్దామని పోయాను. ఆమె గడపలో కూర్చుని పాపకు జడలు అల్లుతోంది. నేను వేసి పంపినవి విప్పి వదులుగా మళ్లీ వేస్తోంది. పాప ఏదో చెప్తోంది, ఆమె వింటోంది. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచలేదు. నీ పెనిమిటి పోయినట్టు నా పెనిమిటి కూడా పోతాడేమోనని భయంగా ఉంది అని ఆమె ముఖాన ఎట్లా అనాలి? కాసేపు నిలబడి, "ఇంగ్లీషు మీడియంల ఏస్తున్నమక్కా, సోమవారం నుంచి రాదు" అన్నాను.

జడ అల్లుతున్న చేతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. "మంచిది చెల్లె" అంది. లోపలికి పోయి పాప పలక తెచ్చి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

మరునాడు నల్లా దగ్గర పక్క క్వార్టర్ ఆమె అడిగింది. ఆమె చిన్న కొడుకు కూడా ఆ బాల్వాడికే పోతాడు.

"పిల్లను మాన్పిస్తున్నరట. ఎందుకే? ఇంటెనకనే ఉండె."

ఇంగ్లీషు మీడియం అంటే మాకేదో గొప్ప వచ్చిందనుకుంటారని వెనకాడాను. పేలని మందు గురించి నోటితో అనడానికే భయం. అంటే అది మళ్లీ జరుగుతుందేమోనని. బిందె నిండుతోంది. ఏదో ఒకటి చెప్పాలి.

"అండ్ల పిల్లలను నేలకు చెవి పెట్టి పండవెడుతదక్కా. నాకు భయమైతుంది" అన్నాను.

ఆమె ముఖం మారింది. "నేలకా? ఏం ఇనాల్నని?"

నేను బిందెను నల్లా కిందికి సర్దాను.

"ఆమె పెనిమిటి కిందనే పాయె గదా" అంది ఆమె గొంతు తగ్గించి. "ఆయన కోసమా? పిల్లలతోని ఇనిపిస్తున్నదా?"

అప్పుడు నేను కాదు అని ఉండాల్సింది. వాళ్లు వినేది వాళ్ల బాపుల పని చప్పుడు, అంతే అనాల్సింది. బిందె ఎత్తి నడుము మీద పెట్టుకుని, "ఏమో అక్కా" అన్నాను. ఆ రెండు మాటలే అన్నాను. నల్లా దగ్గర నాతో పాటు మరో నలుగురున్నారు.

కొత్త నర్సరీలో పాప ఏడవలేదు. టై కట్టుకుని, బూట్లు వేసుకుని, మెట్లెక్కి పోయేది. రైములు నేర్చుకుంది. టీచరు చెప్పమన్నప్పుడు చేతులు కట్టుకుని అప్పజెప్పేది. ఇంట్లో మాత్రం మాటలు తగ్గించింది. పాతరోజుల్లోలాగా నీళ్ల కోసం బిందె వైపు చూడడం మొదలుపెట్టింది. ఈసారి నేను గ్లాసు ముంచకుండా ఆగేదాన్ని. అది కూడా ఆగేది. ఇద్దరం బిందెను చూస్తూ నిలబడేవాళ్లం. చివరికి నేనే ఓడిపోయేదాన్ని.

సాయంత్రం బాపు వస్తే లెక్క చెప్పేది కాదు. ఒకరోజు దూరం నుంచే అడిగింది.

"బాపూ, నువ్వు పనికి పోతలేవా?"

"పోతున్న బిడ్డా. గిప్పుడే అస్తున్న గదా."

"మరి కొడుతలేవు గదా."

దుకాణం మీది అంతస్తులో నేలకు చెవి పెట్టి చూసిందని అప్పుడు తెలిసింది. కింద కుట్టుమిషన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదట. ఆయన దాన్ని దగ్గరకు తీసుకుని తన అరచేతులు వాసన చూపించాడు. ఎంత సబ్బు రుద్దినా పోని మందు వాసన. "ఇగో, గిది వాసనస్తే బాపు పనికి పోయినట్టు" అన్నాడు. అప్పటి నుంచి రోజూ ఆయన రాగానే రెండు చేతులూ పట్టుకుని వాసన చూసేది. చూసి, ఏమీ అనకుండా పోయి బొమ్మలతో ఆడుకునేది. ఆయన కొంచెం ఆలస్యమైన రోజు గేటు కమ్మీ పట్టుకుని నిలబడేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

ఇటు బాల్వాడి ఖాళీ అవుతూ వచ్చింది. మొదట పక్క క్వార్టర్ ఆమె కొడుకును మాన్పించింది. తరువాత ఆ వరుసలో ఇద్దరు. ఒకరోజు గడప ముందు ఎవరో నిమ్మకాయలు కోసి కుంకుమ చల్లి పోయారు. ఒక తల్లి బాల్వాడి ముందు నిలబడి, "నీ మొగన్ని నువ్వే పిల్సుకో, మా పిల్లలతోని పిలిపియ్యకు" అని అరిచిందని విన్నాను. ఆయమ్మ తిరిగి ఒక్క మాట అనలేదట. నల్లా దగ్గర ఆ మాట రోజుకొక తీరుగా పెరిగింది. పిల్లల పేర్లు కిందికి చెప్తుందట. కింది నుంచి జవాబు వస్తుందట. నేను బిందె నింపుకుని వచ్చేసేదాన్ని. బాల్వాడి ముందు నుంచి పోవలసి వస్తే చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఉగాదికి ముగ్గురు పిల్లలు మిగిలారు. ఆ తరువాత ఒక్కడు. ఎండలు ముదిరేసరికి వాడు కూడా రాలేదు.

అప్పటికి నాకు ఆ చప్పుడు పట్టుకుంది. ఐదేళ్లు వినబడనిది ఇప్పుడు అన్నం వండుతున్నా, బట్టలు ఉతుకుతున్నా వినబడేది. పన్నెండు దాటగానే నాకు తెలియకుండానే చెవి అటు పోయేది. ఒకటి. రెండు. మూడు. ఆగితే, ఎందుకు ఆగింది? ఆయన వచ్చాక ఇయ్యాల ఎన్ని అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేక పాపను తేవడానికి రెండు గంటలు ముందే బజారుకు పోయి, బట్టల దుకాణం మెట్ల మీద కూర్చునేదాన్ని.

బాల్వాడి మూసేస్తున్నారని, ఆయమ్మను వేరే పనికి పంపుతున్నారని తెలిసిన రోజు పోయాను. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె ఒక్కతే నేల మీద కూర్చుని గిన్నెలు సంచిలో సర్దుతోంది. నన్ను చూసి పక్కకు జరిగింది, కూర్చోమన్నట్టు.

"అక్కా, గా మాట నా నోట్లకెళ్లే ఎల్లింది" అన్నాను, కూర్చోకుండానే.

"ఎరుకే."

"ఎవలు చెప్పిండ్రు?"

"నీ బిడ్డనే. ఆఖరుదినం చెప్పింది, మా అవ్వకు నువ్వంటే భయమని." ఆమె గిన్నె తుడుస్తూనే ఉంది. "భయపడ్డోళ్లు ఏదో ఒకటి అంటరు గదా."

కూర్చున్నాను. పిల్లలకు ఆ అలవాటు ఎందుకు చేశావని అడిగాను.

"మొదట్ల నేల అదరంగనే పిల్లలందరు ఏడ్సేది చెల్లె. ఒకలు మొదలువెడితే పదిమంది. ఏం చెప్పాలె? మీ బాపులు కొడుతుండ్రు, మంచిగున్నమని చెప్తుండ్రు అన్న. చెవి పెట్టి ఇనుండ్రి అన్న. గంతే, ఏడుపు బందైంది. మల్ల వాళ్లే రోజు చెవి పెట్టుడు మొదలువెట్టిండ్రు."

"మరి నువ్వు?"

ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఆ దినం నేను రోట్ల పప్పు రుబ్బుతున్న. కాళ్ల కింద ధడేల్మన్నది. పేలుడే అనుకున్న. రుబ్బుకుంటనే ఉన్న. గారెలు చేసిన. రెండు నేను గూడ తిన్న. పొద్దుగూకినంక అచ్చి చెప్పిండ్రు." కాసేపు ఆగింది. నేను నోరు తెరవలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. "పేలుడుకు, కూలుడుకు ఫరక్ ఉంటది చెల్లె. పేలుడు ఒక్క గుద్దు గుద్ది ఆగుతది. కూలితే ఆగది. జరసేపు దొర్లుతనే ఉంటది. గప్పుడు నాకు తెల్వది. తెలిసి ఏం చేసేదాన్ని, ఏం జేయకపోదును. కాని గారెలు మాత్రం తినకపోదును."

లేచేటప్పుడు ఏదో ఒకటి అనాలనుకున్నాను. క్షమించు అనే మాట మా ఇళ్లలో ఎవరమూ ఎవరితోనూ అనం. ఎట్లా అనాలో కూడా రాదు. ఆమే అంది.

"పిల్లకు జడలు గట్టిగ ఎయ్యకు. నెత్తి నొస్తదని చెప్పది. ఊకుంటది."

జూన్‌లో పాప బడిలో చేరింది. మొదటి రెండు నెలలు ఎట్లా గడుస్తాయోనని భయపడ్డాను కానీ తొందరగానే కుదురుకుంది. మాటలు మళ్లీ వచ్చాయి. వచ్చాక ఇక ఆగలేదు. ఇంగ్లీషులోనూ, తెలుగులోనూ, పక్కింటి వాళ్లతో ఉర్దూలోనూ. బాపు చేతులు వాసన చూడడం ఎప్పుడు మానిందో మేము గమనించనే లేదు. మా ఆయన పని కిందే సాగింది. కొన్నేళ్లకు ఆయన పని చేసే చోటు మా క్వార్టర్ల కింది నుంచి దూరం జరిగింది. గ్లాసులు గలగలలాడడం తగ్గింది.

రెండో కాన్పుకు ముందు కంపెనీ దవాఖానాలో వరుసలో కూర్చుని ఉన్నాను. ఆయమ్మ అక్కడ నేల తుడిచే పనిలో ఉందని నాకు తెలుసు. తెలిసే ఆమె షిఫ్టు లేని వేళ చూసి పోయేదాన్ని. ఆ రోజు ఎందుకో ఉంది. గుడ్డ ముంచి పిండుతోంది. అప్పుడు కింద ఎక్కడో గుద్దినట్టయింది. వరుసలో ఎవరూ పట్టించుకోలేదు. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. ఆమె చేతిలో గుడ్డతో అట్లాగే ఆగింది. ఒక్క నిమిషం ఉండి నా వైపు చూసి, "పేలుడే" అంది. మళ్లీ తుడుచుకుంటూ పోయింది. అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట. తరువాత కొన్నాళ్లకు పని మానేసి ఆసిఫాబాద్ దగ్గర తమ్ముడి ఊరికి వెళ్లిపోయిందని విన్నాను. ఏ ఊరో అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు.

తొంభైల్లో మా ఆయనకు బాయి పైన పని ఇచ్చారు. ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుని క్వార్టర్ ఖాళీ చేశాం. పాప అప్పటికి పదో తరగతి. సామాను కడుతుంటే పక్క క్వార్టర్ ఆమె సాయానికి వచ్చింది. వంటగిన్నెలు గోనెసంచిలో పెడుతూ కిటికీలోంచి బాల్వాడి గది వైపు చూసింది. పగుళ్లు వచ్చాయని దాన్ని తాళం వేసి వదిలేశారు.

"గా గది చూస్తే ఇప్పటికి భయమే నాకు" అంది. "ఆమె పిల్లలతోని సచ్చినోళ్లను మాట్లాడిచ్చేది. ఎరుకున్నదా?"

"గట్లేం లేదక్కా" అన్నాను. "గా మాట పుట్టించింది నేనే. నల్లకాడ నువ్వు అడిగితే ఏమో అన్న. కాదని చెప్పకపోతి. ఆమె ఏ తప్పు చెయ్యలే."

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది. "నువ్వెప్పుడన్నవే? నువ్వు గసొంటిదానివి గాదు. మా పోరడే చెప్పిండు నాకు, కింది నుంచి పిలుస్తరని. వాడు ఇన్నడు గూడ."

"వాడు ఇన్నది వాళ్ల బాపు పని సప్పుడు."

"ఊకో, నీకు తెల్వది" అని సంచి మూతి బిగించి ముడేసింది.

ఇంకోసారి చెప్పాను. నల్లా దగ్గర ఎవరెవరున్నారో, నేను ఏమన్నానో, ఆ రోజు బిందె ఎట్లా నడుముకెత్తుకున్నానో అంతా చెప్పాను. ఆమె వింటూనే ఇంకో సంచి అందుకుంది. లారీ వచ్చిందని మా ఆయన బయట నుంచి కేకేశాడు. ఇద్దరం చెరో మూల పట్టుకుని సామాను మోసుకుంటూ వాకిట్లోకి పోయాం.